మళ్లీ పాతది బిగించు

మా బావ అప్పలసూరి తన ఆఖరి రోజు ఉదయం చేసిన పని మూడు గ్లాసుల టీ తాగడం. మొదటి గ్లాసు ఇంట్లో ఎప్పుడూ వాడే పొడితో. రెండోది కోడలు స్మిత జంషెడ్‌పూర్ సాక్చి బజారులో కొనుక్కొచ్చిన కొత్త పొడితో. మూడోది మళ్లీ పాత పొడితో. మూడోది కూడా ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, "కొత్తది బాగులేదని నానన్ను. బాగుందని తేల్లేదు," అని తీర్పు చెప్పాడట. పేపరు చదివాడు. భోంచేశాడు. నడుం వాల్చాడు. మరి లేవలేదు. డెబ్బై ఒకటో ఏట, నిద్రలో, ఎవరికీ చిన్నమెత్తు ఇబ్బంది పెట్టకుండా వెళ్లిపోయాడు. బతికున్నన్నాళ్లూ అందరికీ పెట్టిన ఇబ్బందికి అది పరిహారం కాబోలు.

ఇదే ఆయన జబ్బు. ఏ కొత్త వస్తువునైనా మెచ్చుకోవాలంటే దాన్ని తీసేసి మళ్లీ పాతది పెట్టి చూడాలి. చూడకుండా ఎవడైనా "ఇది బాగుందండీ" అన్నాడంటే మా బావకి ఒళ్లు మండిపోయేది. అలా మండడం చూసి మాకు మండేది. నలభై రెండేళ్లు నేనాయనకి బావమరిదిని. అందులో సగం కాలం కోపంగానే ఉన్నాను. ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నప్పుడు కూడా కోపంగానే ఉన్నాను.

ఆ ఆఖరి రోజు నేను వాళ్లింట్లో లేను. కాసిడీహ్‌లో మా ఇంటి నుంచి సిద్ధగోరాలో వాళ్లింటికి స్కూటరు మీద పావుగంట. అయినా మూడు వారాలుగా నేనా గుమ్మం తొక్కలేదు. దానికి కారణం ఒక ఎర్ర కారు, దాని కడుపు కిందున్న మూరెడు గొట్టం.

ముందు జబ్బు ఎక్కడ పట్టుకుందో చెప్పాలి. మా బావ ముప్పై నాలుగేళ్లు లారీల ఫ్యాక్టరీలో ఇంజిన్లు పరీక్షించే గదిలో పనిచేశాడు. అక్కడికి ఏదో ఒక కొత్త భాగం వస్తుంది. ముందు పాత భాగంతో ఇంజిన్ నడిపి బలం ఎంతో రాసుకుంటారు. తర్వాత కొత్తది బిగించి నడుపుతారు. అంకె పెరుగుతుంది. చప్పట్లు కొట్టాలని అందరికీ చేతులు దురద పెడతాయి. అప్పుడే కొత్తది విప్పేసి, మళ్లీ పాతది బిగించి, మూడోసారి నడపాలి. అంకె వెనక్కి పడిపోతే కొత్తదాని గొప్పతనం నిజం. పడిపోకపోతే ఆ గొప్పతనం మరెవరిదో. ఇంజిన్ వేడెక్కడంవల్ల వచ్చిందో, గాలి చల్లబడడంవల్ల వచ్చిందో. "మూడోసారి నడపనోడు మెప్పు దొంగతనం చేసినోడురా బుజంగం," అనేవాడు బావ.

ఫ్యాక్టరీలో ఇది మంచి పద్ధతే. కాని షిఫ్టు అయ్యాక చేతులు కడుక్కున్నట్టు దీన్ని కూడా అక్కడే కడిగేసుకుని రావాలి కదా! ఆయన టెల్కో కాలనీ క్వార్టరుకి దాన్ని మోసుకొచ్చాడు. రిటైరయ్యాక సిద్ధగోరాకీ మోసుకొచ్చాడు.

కళ్లద్దాలు మార్చినప్పుడు జరిగింది చూడండి. కొత్త అద్దాలు వారం పెట్టుకున్నాడు. బాగా కనిపిస్తోందన్నాడు. అంతటితో ఊరుకున్నాడా? మళ్లీ వారం పాతవి పెట్టుకుని తిరిగాడు. ఆ వారంలో ఒక పొద్దున్న పక్కింటివాళ్ల స్కూటరు ఎక్కి పది నిమిషాలు కిక్కు కొట్టి, తాళం తిరగడం లేదని దానిమీద విరుచుకుపడి, "పైడీ! మన బండి పాడైపోయిందే!" అని కేకేశాడు.

ఆయన భార్య, అంటే మా అప్ప పైడమ్మ, వాకిట్లోకి వచ్చి చూసింది. "పాడయ్యింది బండి కాదు," అని లోపలికి వెళ్లిపోయింది.

రక్తపోటుకి డాక్టరు మందు మార్చాడు. నెల తిరిగేసరికి తగ్గింది. డాక్టరు సంతోషించాడు. "నాకూ సంతోషమే డాక్టరు గారూ. మళ్లీ పాత మాత్రలు రెండు వారాలు ఏసుకుంటాను. బీపీ పెరిగితే అప్పుడు మీ మందు గొప్పదని ఒప్పుకుంటాను," అన్నాడు మా బావ. ఆ డాక్టరు కుర్చీలోంచి లేచి అరిచిన అరుపులు బయట బల్ల మీద కూర్చున్న నాకు స్పష్టంగా వినబడ్డాయి. మా బావ నర్సు వైపు తిరిగి నెమ్మదిగా, "ముందు అయ్యగారిది కొలవండమ్మా," అన్నాడట.

కొడుకు సౌరభ్ పెళ్లిచూపుల సంగతి ఇంతకన్నా ఘోరం. టెల్కో కాలనీలో స్మితని చూశాం. బాగుంది. తర్వాత బర్మామైన్స్‌లో ఇంకో పిల్లని చూశాం. ఆ పిల్లా బాగుంది. రైల్లో రిజర్వేషన్ చేయించినంత ధీమాగా మా బావ, "ఆదివారం మళ్లీ మొదటి పిల్లని చూడ్డానికి ఎల్తన్నాం," అని ప్రకటించాడు.

"బావా, మనవాళ్లలో రెండోసారి ఎళ్లేమంటే తాంబూలాలకి ఎళ్లినట్టే," అని మొత్తుకున్నాను.

"తాంబూలాలేటి? పోల్చుకోడానికి ఎల్తన్నాం."

మేం వెళ్లేసరికి వాళ్ల ఇంటిముందు షామియానా ఉంది. చుట్టాలు నలభైమంది ఉన్నారు. పురోహితుడున్నాడు. మా బావ గుమ్మంలోనే ఆగిపోయి, "ఏటిది? పిల్లని పోల్చుకుందామంటే ఇంతమందున్నారు, ఈళ్లలో పిల్లెవరు?" అన్నాడు. సౌరభ్ తండ్రి చెయ్యి పట్టుకుని, పళ్లు బిగించి, "పాపా, అబ్ హా బోల్ దీజియే. ప్లీజ్," అన్నాడు. మా బావ ఔనన్నాడు. ఇప్పటికీ ఇంట్లో ఏదైనా మాట వస్తే స్మిత మా అప్పతో నవ్వుతూ, "మై దో బార్ పాస్ హుయీ హూ, అత్తయ్యా. రెండుసార్లు పాసయ్యాను. మీ అబ్బాయి ఒక్కసారి కూడా పరీక్ష రాయలేదు," అంటుంది.

ఇవన్నీ ఇంటి బాధలు. వీధి బాధ సైలెన్సర్లతో. మోటారు సైకిలుకి ఉన్న సైలెన్సరు పీకేసి, ఊరంతా ఉలిక్కిపడేలా మోగే గొట్టం తగిలించుకునే కుర్రాళ్లని చూస్తే మా బావకి పూనకం వచ్చేది. సాయంత్రం సిద్ధగోరా మలుపులో కల్వర్టు మీద కూర్చుని, ఎవడైనా అలా వచ్చాడంటే రోడ్డుకి అడ్డంగా వెళ్లి చెయ్యెత్తేవాడు. పోలీసనుకుని వాళ్లు ఆగేవాళ్లు.

"యే కాహే లగాయా?" ఇది ఎందుకు పెట్టావని అడిగేవాడు.

"పవర్ బఢ్ జాతా హై, అంకుల్."

"నాపా?"

"క్యా నాపా?"

"పవర్! పెరిగిందన్నావు కదా, కొలిచావా? నాపా?"

"ఫీల్ హోతా హై, అంకుల్."

ఆ ఫీలన్న మాట వినగానే మా బావ భాష హిందీలోంచి శ్రీకాకుళంలోకి దూకేసేది. "ఫీలట్రా, ఫీలు! సెవిలో మోత మోగితే బలం పెరిగినట్టేటి? అలగయితే గాడిదలు లారీల్ని లాగీవి!" అని రోడ్డు మీద రంకెలు వేసేవాడు. వాటిలో ఒక్క మాటా అర్థం కాని ఆ పిల్లాడు దండం పెట్టి పారిపోయేవాడు. తర్వాత వాడి సైలెన్సరు మోతకన్నా మా బావ మోత ఎక్కువసేపు వినబడేది. ఆ మాట నేనన్నందుకు నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

అలాంటి మనిషి చెవిన ఈశ్వర్ కారు సంగతి పడింది.

ఈశ్వర్ మా వీధివాడే. ఇంజినీరు, మంచివాడు, పెళ్లి కాలేదు. ప్రేమంతా ఒక కారు మీద. రెండే సీట్లున్న ఎర్ర స్పోర్ట్స్ కారు. ఆరు సిలిండర్ల ఇంజిన్, మూడేసి చొప్పున రెండు వరసలు. ఒక్కో వరస పొగ ఒక్కో గొట్టం గుండా వెనక్కి పోతుంది. ఆ రెండు గొట్టాలనీ మధ్యలో కలుపుతూ అడ్డంగా ఇంకో చిన్న గొట్టం ఉంటుంది. దాన్ని క్రాసోవర్ పైపు అంటారట. కంపెనీవాళ్లు పెట్టినది సన్నగా ఉందనీ, దాన్ని తీసేసి రెండు గొట్టాలూ కత్తెరలా కలిసేట్టు లావుపాటిది పెడితే ఒక వరస పొగ పోతూ పోతూ రెండో వరస పొగని కూడా లాక్కుపోతుందనీ, ఇంజిన్‌కి ఊపిరి సులువవుతుందనీ ఈశ్వర్ మా వరండాలో కాగితం మీద బొమ్మ గీసి వివరించాడు. నాకు బాగానే అర్థమైంది. నా దురదృష్టం, మా బావ కూడా అక్కడే ఉన్నాడు.

"ఇరవై హార్స్ పవర్ పెరుగుతుంది అంకుల్," అన్నాడు ఈశ్వర్.

"ఎవరు చెప్పేరు?"

"ఇంటర్నెట్‌లో అందరూ చెబుతున్నారు."

"అందరూ కొలిసేరా?"

"వీడియోలో ఆ శబ్దం ఒక్కసారి వింటే మీరే..."

"నువ్వు ఇంజినీరువా, భజన మేళానివా నాయినా?"

ఈశ్వర్ నా వైపు చూశాడు. నేను కాగితం వైపు చూశాను. మా బావ ఆ బొమ్మ తన వైపు తిప్పుకుని కాసేపు శ్రద్ధగానే చూశాడు. "ఇది అబద్ధం కాదు. పందెంలో ఇంజిన్ ఏడు వేల చుట్లు తిరిగినప్పుడు, గొట్టం పొడవూ లావూ దానికి సరిగ్గా కుదిరితే, రెండో మూడో గుర్రాలు వత్తాయి. నువ్వు రోజూ మానగో బ్రిడ్జి మీద ఆటోల ఎనక నిలబడతావు. అక్కడ ఏ పొగ ఏ పొగని లాగుతాదిరా?" అన్నాడు.

ఇక్కడ నేను చేసిన తప్పు కూడా చెప్పుకోవాలి. ఆ గొట్టం ఎవరిచేత చేయించాలని ఈశ్వర్ అడిగితే, నేను ఆదిబాబు పేరు చెప్పాను.

ఆదిబాబు బళ్లో నా దగ్గర తెలుగు చదువుకున్నాడు. పద్యం ఒక్కటి సరిగ్గా అప్పజెప్పలేదు గాని, వెల్డింగులో చెయ్యి తిరిగినవాడు. కాంట్రాక్టరు దగ్గర పన్నెండేళ్లు చేసి, ఆ పని మానేసి, భుయియాడీహ్ వైపు రేకుల షెడ్డు పెట్టుకున్నాడు. ఆరు నెలల్లో మూడు గేట్లూ ఒక కిటికీ చువ్వలూ తప్ప ఏమీ రాలేదు. ఏప్రిల్ ఆఖరికి చెప్పుకోదగ్గ పని దొరక్కపోతే షెడ్డు మూసి, భార్య గౌరీదేవినీ ఇద్దరు పిల్లల్నీ ఇక్కడే వదిలి, గుజరాత్‌లో కాంట్రాక్టు పనికి పోవాలి. రైలు టిక్కెట్టు గురించి కూడా అడిగి పెట్టుకున్నాడు. ఈశ్వర్‌కి కార్ల పిచ్చోళ్ల బృందం ఒకటుంది. "ఈ గొట్టం పనిచేస్తే మావాళ్ల పదకొండు కార్లకీ నువ్వే చెయ్యాలి," అన్నాడు. పదకొండు కార్లంటే ఆదిబాబుకి ఏడాది బతుకు. "నాదీ పూచీ," అన్నాను నేను, నాకు సంబంధం లేని సంగతిలో.

ఏప్రిల్ రెండో ఆదివారం ఆదిత్యపూర్‌లో పరీక్ష పెట్టారు. అక్కడొక షెడ్డులో పాత రోలరు యంత్రం ఉంది. కారు వెనక చక్రాలు దానిమీద పెట్టి ఇంజిన్ నడిపితే బలం ఎంతో అంకె చూపిస్తుంది. ఈశ్వర్ స్నేహితులు అరడజనుమంది వచ్చారు. ఆదిబాబు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. గౌరీదేవి డబ్బానిండా లడ్డూలు పంపింది. మా బావని ఎవరూ పిలవలేదు. ఆయన అందరికన్నా ముందే వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

మధ్యాహ్నం రెండింటికి, పాత గొట్టంతో, రెండు వందల అరవై ఎనిమిది వచ్చింది. నలభై డిగ్రీల ఎండ. రేకుల కింద మేమంతా ఉడికిపోతున్నాం. ఆదిబాబు పాతది విప్పి కొత్తది బిగించేలోపు ఆకాశం ఒక్కసారిగా నల్లబడింది. కాలబైశాఖి, ఈ వైపు వేసవిలో విరుచుకుపడే గాలివాన. ధూళి లేచింది, తర్వాత అరగంట వాన దంచి కొట్టింది. వాన వెలిశాక ఒళ్లు జలదరించేంత చల్లగాలి వీచింది. నాలుగింటికి కొత్త గొట్టంతో నడిపారు.

రెండు వందల డెబ్బై నాలుగు!

"ఛే బఢ్ గయా!" అని ఈశ్వర్ ఎగిరాడు. ఆరు గుర్రాలు పెరిగాయి. ఇరవై కాకపోయినా ఆరు. కుర్రాళ్లు ఆదిబాబుని ఎత్తినంత పని చేశారు. లడ్డూ డబ్బా తెరుచుకుంది. ఒకడు తన కారు ఎప్పుడు తీసుకురావాలని అప్పుడే అడిగేశాడు. ఆదిబాబు కళ్లు తుడుచుకున్నాడు. నేను లడ్డూ నోట్లో పెట్టుకున్నాను.

స్టూలు మీంచి మాట వచ్చింది. "మళ్లీ పాతది బిగించు."

లడ్డూ డబ్బా చేతులు మారుతూనే ఉంది.

"ఆదిబాబూ, నీకే సెప్తన్నాను. విప్పు. మళ్లీ పాతది బిగించు."

"బావా, లడ్డూ తిను," అన్నాను.

"మూడోసారి అయినాక తింటాను."

ఈశ్వర్ మర్యాదస్తుడు. సరే అంకుల్ అన్నాడు. అదే నేనయితే ఆ స్టూలుతో సహా ఎత్తి బయట పెట్టేవాణ్ని. గంట పట్టింది. ఆదిబాబు తను చేసిన గొట్టాన్ని తనే విప్పి కింద పెట్టాడు. దాన్ని మా బావ చేతిలోకి తీసుకుని, లోపల వేలు పెట్టి తడిమి, వెలుగుకెత్తి చూసి, పక్కన పెట్టాడు. పాతది బిగించారు. నడిపారు.

రెండు వందల డెబ్బై మూడు.

మా బావ లేచి నిలబడి, క్లాసులో పాఠం చెప్పినట్టు చెప్పాడు. "ఈ యంత్రం పాతది. గాలి ఏడిని లెక్కలో ఏసుకోదు. చల్లగాలి చిక్కగా ఉంటాది, ఇంజిన్‌కి ఎక్కువ అందుతాది. ఆరు గుర్రాల్లో అయిదు ఆకాశం మీంచి దిగేయి. గొట్టం తెచ్చింది ఒకటి. ఆ ఒకటీ ముల్లు వణుకుడులో పోయేది. శబ్దం మారింది, బలం మారలేదు."

కుర్రాళ్లు ఒక్కొక్కరే ఫోన్లు చూసుకోసాగారు. తన కారు తెస్తానన్నవాడు ముందే జారుకున్నాడు. ఈశ్వర్ ఆదిబాబు భుజం తట్టి, "పని నీట్‌గా చేశావు బ్రదర్, చూద్దాం," అన్నాడు. ఆ చూద్దాం అన్న మాట అర్థం ఏమిటో జంషెడ్‌పూర్‌లో అందరికీ తెలుసు. మా బావ లడ్డూ తీసుకుని కొరికాడు. "బాగుంది," అన్నాడు కూడా, నిస్సిగ్గుగా.

బయటికి రాగానే పట్టుకున్నాను.

"ఒక్కపూట నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయింది బావా? పదకొండు కార్లు! ఆడు పిల్లల్ని ఒదిలేసి గుజరాత్ పోవాలిప్పుడు!"

"కొలిసిన అంకెని మింగీమంటావేట్రా?"

"మింగు! లడ్డూ మింగినట్టు మింగు! ఆళ్లు కార్ల పిచ్చోళ్లు, ఆరు గుర్రాలు పెరిగాయని సంబరపడితే ఎవడికి నష్టం?"

"నువ్వు తెలుగు మేష్టరువి. నీకు తెలీదు."

"ఔను, మనిషి బతుకు కొలిసే యంత్రం నీకుంటే సెప్పు, దానిమీద నిన్ను ఎక్కిత్తాను!"

ఆయన స్కూటరు ఎక్కి వెళ్లిపోయాడు. నేను ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, ఈ మనిషి గుమ్మం తొక్కనని. పది రోజులయ్యాక మా అప్ప ఫోను చేసింది. "ఏట్రా, నువ్వు రావు, మీ బావ పొద్దున్న అయిదున్నరకే ఎటో ఎల్లిపోతన్నాడు, అడిగితే సెప్పడు," అంది. ఎవడి సైలెన్సరు వెనక పడ్డాడో, పడనీ, అన్నాను. ఆదిబాబు షెడ్డు వైపు వెళ్లే ముఖం నాకూ లేదు. వెళ్లలేదు. మరో పది రోజులకి సౌరభ్ ఫోను వచ్చింది.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక వాకిట్లో కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. మా బావతో కలిసి పనిచేసిన వెంకటరమణ గారు వక్కపలుకు నములుతూ, "మంచోడే గాని చాదస్తుడండీ. కొత్తదంటే గిట్టదు. ఎవడు బాగుపడతన్నా మధ్యలో ఎళ్లి అడ్డం పడీవోడు," అన్నారు.

నాకు నెత్తురు తలకెక్కింది. ఆ మాట అనే హక్కు నాది! నెల రోజులుగా నేను దాచుకున్న మాట అది. ఈయనెవరు అనడానికి? లేచి ఏదో అనబోతున్నాను. నా వెనక నుంచి, "అడ్డం పడబట్టే నేనీ ఊళ్లో ఉన్నాను బాబూ," అని వినబడింది.

ఆదిబాబు. గుజరాత్‌లో ఉంటాడనుకున్నవాడు, చేతిలో నీళ్ల జగ్గుతో నిలబడి ఉన్నాడు. పొద్దుటినుంచీ వడ్డిస్తున్నాడట. భోజనాల దగ్గర నేనే తలెత్తి చూడలేదు.

"నువ్వెళ్లలేదా?" అన్నాను.

"ఎల్లనిచ్చేడేటి మావయ్య! పరీక్షయిన మర్నాడు తెల్లారకముందే షెడ్డుకొచ్చీసేడు. నాను కోపంగా, 'ఇంకేటి కొలవాలి?' అన్నాను. బకెట్టు నీళ్లు తెమ్మన్నాడు. నా గొట్టానికి రెండు పక్కలా బిరడాలు కొట్టి, సైకిలు పంపుతో గాలి నింపి, నీట్లో ముంచేడు. ఒక్క బుడగ రాలేదు మేష్టారూ. 'నిన్ననే లోపల ఏలు పెట్టి సూసేను, అతుకు అద్దంలాగుంది' అన్నాడు. 'నీ గొట్టంతో బలం రాదురా. పొగ కూడా బయటికి రాదు. పొగ రాకూడని సోటు సూపిత్తాను, పద' అన్నాడు."

"ఆ ముక్క ఆ రోజే అందరిముందూ అనొచ్చు కదా!" అన్నాను. చచ్చిపోయిన మనిషి మీద అరిచినా ఫలితం లేదని తెలుసు.

"నానూ అడిగేను. 'ఇయ్యాళ ఆరు గుర్రాలని పదకొండుమందికి అమ్ముతావు. ఆళ్లలో ఒకడు రేపు మంచి యంత్రం మీద కొలిపిత్తాడు. ఆరు కనబడవు. అప్పుడు ఊళ్లో దొంగ ఎవడ్రా? వానా? నువ్వు!' అన్నాడు. దొంగ పని అన్న పేరొచ్చినాక ఈ ఊళ్లో గేటు అతుకులేయడానికి కూడా ఎవడు పిలుత్తాడు మేష్టారూ?"

వెంకటరమణ గారు వక్కపలుకు నమలడం మానేశారు.

మా బావ చూపించిన చోటు పిల్లల్ని బడికి తీసుకెళ్లే బస్సులు. సూరజ్ అనే ఆయనకి ఏడు బస్సులున్నాయి, అన్నీ పాతవే. సైలెన్సర్ల దగ్గర అతుకులు విడిపోయి పొగ నేల సందుల్లోంచి లోపలికొస్తోంది. సూరజ్ ఒప్పుకోలేదు. పొగా లేదు, ఏమీ లేదు, అన్నాడు. "నాపా?" అన్నాడు మా బావ. దేంతో కొలుస్తావని సూరజ్ నవ్వాడు. మర్నాడు పొద్దున్న అయిదున్నరకి మా బావ మొదటి బస్సెక్కి వెనక సీట్లో కూర్చున్నాడు. ఎంతమంది పిల్లలు దగ్గారు, ఎన్నిసార్లు దగ్గారు, ఎంతమంది కళ్లు నులుముకున్నారు, అన్నీ చీటీ మీద గీతలు పెట్టుకున్నాడు. రోజుకో బస్సు, ఏడు రోజులు. పిల్లలు ఆయనకి నాపా దాదూ, అంటే నాపా తాత, అని పేరు పెట్టి, దగ్గు వచ్చినప్పుడల్లా, "దాదూ, ఏక్ ఔర్ లిఖియే!" అని ఇంకో గీత పెట్టించేవాళ్లట. ఎనిమిదో రోజు ఆ ఏడు చీటీలూ సూరజ్ బల్ల మీద పరిచాడు. వాటిలో ఒక చీటీ సూరజ్ సొంత కూతురు ఎక్కే బస్సుది. ఏడు బస్సుల పనీ ఆదిబాబుకి వచ్చింది. సూరజ్ స్నేహితుడొకడి బస్సులు కూడా రాబోతున్నాయి.

"మొదటి బస్సుకి కొత్త గొట్టాలేసి, మావయ్యని ఎక్కించి తిప్పేం," అన్నాడు ఆదిబాబు. "చీటీ మీద మూడు గీతలే పడ్డాయి. సూరజ్‌కి మావయ్య సంగతి తెలుసు గదా, నవ్వి, 'అంకుల్, అబ్ పురానా వాలా ఫిర్ సే లగాయే?' అన్నాడు. మళ్లీ పాతది బిగిద్దామా అని."

నేను కుర్చీలో ముందుకి వంగాను. "బావేమన్నాడు?"

"'కొడతాను' అన్నాడు."

వాకిట్లో అందరూ నవ్వారు. నలభై రెండేళ్లలో మా బావ మూడో పరీక్ష వదిలేసింది ఆ ఒక్కసారేనట. నేను మాత్రం చూడలేదు. చూసుంటే జన్మంతా దెప్పిపొడవడానికి సరిపోయేది. నాకు దెప్పే అవకాశం కూడా లేకుండా చేసిపోయాడు చూడండి, దానికి కోపం రాదా?

గుమ్మం దగ్గర కూర్చున్న మా అప్ప మాత్రం నవ్వలేదు. ఆదిబాబు వైపే చూస్తోంది.

"మీ మావయ్య బస్సెక్కేడా?" అంది.

"ఎక్కేడు అత్తా. ఏడు రోజులు."

"వెనక సీట్లోనా?"

"ఔను. పొగ అక్కడే ఎక్కువని."

మా అప్ప పమిట నోటికడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందేమోనని స్మిత దగ్గరికి వెళ్లింది. అప్ప నవ్వుతోంది.

"ఈ మనిషికి బస్సు పడదురా బుజంగం. పెళ్లయిన కొత్తలో టెక్కలి నుంచి పలాస ఎళ్లేలోపు వాంతులొచ్చి మూడుసార్లు బస్సు ఆపించేడు. నలభై రెండేళ్లయి ఎవరికీ సెప్పనియ్యలేదు, పరువు పోతాదని. అందుకే ఎంత దూరమైనా స్కూటరు మీద పోయీవోడు."

నాకు తెలియదు. నలభై రెండేళ్లు ఆయన స్కూటరు పిచ్చిని వెక్కిరించాను గాని, ఇది నాకు తెలియదు.

"మరి ఏడు రోజులెలా ఎక్కేడే?"

"నిమ్మకాయ," అంది మా అప్ప. "పిడికిట్లో పెట్టుకుని వాసన చూసుకుంటే ఆగుతాదట. రోజూ పొద్దున్న బుట్టలో ఒకటి తగ్గిపోయీది. తక్కువ తూచేడని నాను ఆ కూరలోడితో వారం రోజులు దెబ్బలాడేను."